కర్నూలులో రక్తపరీక్ష చేయిస్తే మూడో రోజు బొడ్డుతాడు కంపెనీ ఫోన్. నంబరు ఎవరిచ్చారు?

బురుజు_పక్కిల్లు
మా చెల్లెల్ని ఆదోనిలో ఇచ్చాం. పోయిన నెల పుట్టింటికి వచ్చింది. నెల తప్పిందని అమ్మకు ఒక్కదానికే చెప్పింది. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. అందుకని మూడో నెల నిండేదాకా అత్తగారింట్లో కూడా చెప్పొద్దని అమ్మా తనూ అనుకున్నారు. కర్నూలులో ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చింది. నాన్నకు "నీరసంగా ఉంది, రక్తం తక్కువేమో చూపిద్దాం" అని చెప్పి తీసుకుపోయారు. బిల్లు కౌంటర్ దగ్గర కూర్చున్నది ఆయనే. ఫోన్ నంబర్ అడిగితే తనది చెప్పాడు.

మూడో రోజు నాన్న రైతుబజారులో బెండకాయలు ఏరుతుంటే ఎవరో అమ్మాయి ఫోన్. "కంగ్రాచ్యులేషన్స్ సార్, మీ ఇంటికి బుజ్జి పాపాయి రాబోతోంది కదా, బొడ్డుతాడు రక్తం దాచుకునే ప్యాకేజీ గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా" అందట. ఆయన సంతోషం పట్టలేక బెండకాయలు అక్కడే వదిలేసి మా మేనత్తకు ఫోన్ కొట్టినాడు. మేనత్తది కూడా ఆదోనే. సాయంత్రానికల్లా చెల్లెలి అత్తగారికి తెలిసిపోయింది. "ఊరంతా తెలిసినాక మాకు చెప్తారా" అని ఆమె అలిగింది. చెల్లెలు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ల్యాబ్‌కి పోయి అడిగితే "మేమెవరికీ ఇవ్వం సార్, మీరే ఫోన్‌లో గూగుల్‌లో ఏమైనా వెతికుంటారు" అన్నారు. మా నాన్నది బటన్ల ఫోన్.

ఎక్కడ లీకైందో కనిపెట్టే దారి ఏదైనా ఉందా?

ఉగ్గాని_బజ్జీ
బటన్ల ఫోన్‌లో గూగుల్! ఆ కౌంటర్ అబ్బాయికి దండం పెట్టాల.

జొన్నరొట్టె
నాకు షుగర్ బయటపడిన వారానికే "డయాబెటిస్ రివర్సల్" వాళ్లు మొదలుపెట్టారు. రోజుకు మూడు కాల్స్. నాకు షుగర్ ఉందని నా భార్యకు కూడా ఇంకా చెప్పలేదు అప్పటికి. (భయం వేరే సంగతి. ఇంట్లో మైసూర్‌పాక్ ఉంది.)

బెంగళూరు_బస్సు
బురుజు అన్నా, ఒక్కటి చెప్పు. నేను ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద నాలుగేళ్లు పనిచేశా. డాక్టర్, ల్యాబ్, స్కానింగ్, మందుల షాపు, ఈ నాలుగు చోట్లా మీ నాన్న నంబరే ఇచ్చారా? ఫోన్ చేసినామె మీ చెల్లెలి పేరు ఎలా పలికింది? వయసు చెప్పిందా? నాన్నను కూర్చోబెట్టి నిదానంగా అడుగు.

బురుజు_పక్కిల్లు
అడిగా. "హేమబిందు గారి ఫాదరేనా" అందట. చెల్లెలి పేరు హిమబిందు. డాక్టర్ చీటీ, స్కానింగ్ కాగితం తీసి చూశా, రెంటిలో హిమబిందు అనే ఉంది. ల్యాబ్ బిల్లు తీస్తే హేమబిందు. వయసు కూడా 26 అయితే 28 వేశారు. ఆ అమ్మాయి కూడా "28 ఇయర్స్ కదా సార్" అందని నాన్నకు ఇప్పుడు గుర్తొచ్చింది.

బెంగళూరు_బస్సు
ఇంకేం, దొరికినారు. ఆ తప్పు వాళ్ల కౌంటర్‌లో పుట్టింది. ఆ తప్పుతో సహా కంపెనీకి చేరిందంటే లిస్టు అక్కడినుంచే పోయింది. ఆ బిల్లు పారేయొద్దు. నేనైతే కావాలనే ఇట్లా చేస్తా. ఒక చోట ఇంటిపేరు ముందు, ఒక చోట వెనక, ఇంకోచోట ఒక అక్షరం ఎక్కువ. ఇన్సూరెన్స్ పేపర్లకు మాత్రం పనికిరాదు, అక్కడ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాల.

కారందోస_కడప
నాకో సందేహం. ప్రైవసీ గురించి థ్రెడ్ పెట్టి చెల్లెలి పేరు, వయసు, మెట్టినూరు, రెండుసార్లు నిలవని సంగతి అన్నీ నువ్వే రాసినావు కదప్పా.

బురుజు_పక్కిల్లు
పేరూ వయసూ ఊరూ మార్చే రాశా. అక్షరం తప్పు పడిన తీరు మాత్రం నిజం. కానీ నువ్వన్నది కరెక్టే, ఆ రెండుసార్ల సంగతి రాయకుండా ఉండాల్సింది. ఎడిట్ చేద్దామంటే టైమ్ దాటిపోయింది.

రిటైర్డ్_మాస్టారు
నాకు అర్థం కానిది ఒకటే. మన ఊళ్లలో ఎవరికి ఏ జబ్బో రచ్చబండ మీదే తెలుస్తుంది. కిడ్నీ రాయి పడితే దాన్ని పొట్లం కట్టి పదిమందికి చూపించే జనం మనం. ఒక ఫోన్ వచ్చిందని ఇంత గోల దేనికి? వద్దంటే పెట్టేస్తారు.

ఎర్రమట్టి_అనంత
మాస్టారూ, రాయి చూపించేవాడు తనకు తానుగా చూపిస్తున్నాడు. అన్ని జబ్బులూ రాళ్లు కావు.

మా దగ్గరి బంధువు ఒకాయనకు హెచ్‌ఐవీ. కాలు విరిగి ఒక ఆసుపత్రిలో చేరితే మంచం దగ్గర వేలాడే చార్టు మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి గీత కొట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు యాపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టి, దూరంగా నిలబడి, పోయినారు. ఆ తర్వాత వాళ్ల చిన్నమ్మాయికి బడిలో పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇప్పుడు ఆయన మందుల కోసం నెలనెలా దగ్గరి సెంటర్ వదిలి పక్క జిల్లాకి పోతాడు. తెల్లవారుజామున బస్సెక్కి రాత్రికి వస్తాడు. అడిగితే "పొలం మందులకు పోయినా" అంటాడు.

2017లో దీనికోసం చట్టమే చేశారు, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని అందులో ఉంది. ఎర్ర పెన్ను పట్టుకున్నవాళ్లకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్_మాస్టారు
ఇది వేరే. దీనికి నేనేమీ అనలేను.

సీసా_సూది
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, కడప వైపు. బురుజు గారి ల్యాబ్ గురించి నాకు తెలియదు. మామూలుగా ఏం జరుగుతుందో చెప్తా.

మీరు రక్తం ఇచ్చే చోటు చాలాసార్లు కలెక్షన్ సెంటరే. శాంపిల్ వేరే ఊరికి పోతుంది. మీ పేరు, వయసు, నంబరు, టెస్టు పేరు కౌంటర్ సిస్టమ్‌లో, శాంపిల్ తీసుకుపోయే అబ్బాయి షీట్‌లో, పెద్ద ల్యాబ్ సర్వర్‌లో, రాసిన డాక్టర్ పేరుతో నెలాఖరు లెక్కల ఎక్సెల్‌లో, వాట్సాప్ పంపే కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ ఎక్సెల్ చాలామంది చేతులు మారుతుంది. కంప్యూటర్ పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీద అంటించి ఉంటుంది, అబద్ధం కాదు. రాత్రి షిఫ్టులో పదిహేను వేల జీతగాడు ఒక్కడే ఉంటాడు. వాడి దగ్గరికి ఎవరైనా వచ్చి "గర్భం పాజిటివ్ వచ్చినవాళ్ల నంబర్లు ఇవ్వు" అంటే ఓనరుకు తెలిసే అవకాశం కూడా లేదు. ఓనరే ఇచ్చేచోట్లు ఉండవని నేను అనను.

ఇంకొకటి. కొన్నిచోట్ల రిపోర్టు లింకు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. దాని చివర బిల్లు నంబరు ఉంటుంది. ఆ చివరి అంకె ఒకటి మార్చి చూడండి...

ఉగ్గాని_బజ్జీ
చూశా ఇప్పుడే. మా అమ్మ థైరాయిడ్ రిపోర్టు లింకులో 4 తీసి 5 పెట్టా. ఎవరో 61 ఏళ్ల పెద్దాయన ప్రోస్టేట్ రిపోర్టు వచ్చింది. పేరు, నంబరుతో సహా. వెంటనే మూసేశా. ఒళ్లు జలదరించింది, నిజంగా.

బెంగళూరు_బస్సు
బజ్జీ, ఇంకో అంకె మార్చొద్దు, చట్టప్రకారం నువ్వే ఇరుక్కుంటావు. ఆ ల్యాబ్‌కి మెయిల్ పెట్టు, స్క్రీన్‌షాట్‌లో ఆయన పేరు కొట్టేసి. లింకు చివర ఎవరూ ఊహించలేని పొడుగాటి అక్షరాల గుత్తి పెట్టి, తెరిచేముందు ఓటీపీ అడిగితే తీరిపోయే పని ఇది. ఒక మధ్యాహ్నం పని. చేయరు, ఎందుకంటే ఎవరూ అడగరు.

నీలంచీర_అక్క
నేను ఏఎన్ఎం. ఇక్కడ అందరూ డేటా అంటే దొంగతనం అన్నట్టే మాట్లాడుతున్నారు. నా వైపు నుంచి కూడా వినండి.

మాది కర్నూలు పడమటి వైపు. వానలు లేకపోతే ఊరికి ఊరే సుగ్గికి పోతుంది, గుంటూరు వైపు మిరపకోతలకు. పోయిన సంవత్సరం మా ఊరినుంచి ఏడో నెల గర్భిణి ఒకమ్మ పోయింది. హిమోగ్లోబిన్ 7. కాళ్ల వాపు. నేను వద్దు వద్దు అన్నా, ఇంట్లో అప్పు ఉంది, లారీ ఎక్కేసింది. తల్లీబిడ్డ కార్డు సంచిలో పెట్టుకుంది. గుడిసెలో వాన నీళ్లు పడి కార్డు ముద్దయింది. నొప్పులొచ్చి అక్కడి ఆసుపత్రికి పోతే వాళ్లకు ఏమీ తెలియదు. రక్తం గ్రూపు దగ్గర్నుంచి మొదలుపెట్టారు. అర్ధరాత్రి ఆమె మొగుడు నాకు ఫోన్ చేస్తే నా రిజిస్టర్ ఫొటో తీసి పంపినా. తల్లీబిడ్డా బతికినారు, దేవుడి దయ. ఆ రిజిస్టర్ ఆ డాక్టర్ ఫోన్‌లో ముందే కనపడి ఉంటే గంటన్నర కలిసొచ్చేది.

అందుకే ఇంటింటికీ తిరిగి ఆభా నంబర్లు, అదే ఆరోగ్య రికార్డులు కలిపే ప్రభుత్వ నంబర్లు, చేయించినా. మీకు ఎగతాళి కావచ్చు.

ఎర్రమట్టి_అనంత
అక్కా, ఎగతాళి ఎవరూ చేయలేదు. కానీ ఆ నంబరు చేసేటప్పుడు ఇది నీ ఇష్టం, వద్దంటే మానేయొచ్చు అని చెప్పినారా? మా జేజికి ఆభా ఉందని ఆమెకే తెలియదు. "పింఛను కోసం" అనుకుని ఓటీపీ చెప్పింది.

నీలంచీర_అక్క
నిజం చెప్పాలంటే చెప్పలేదు. టార్గెట్ ఉంటుంది. రోజుకు ఇన్ని అని. ఎండలో తిరిగి ఒక్కో ఇంటి దగ్గర సమ్మతి అంటే ఏంటో వివరిస్తూ కూర్చుంటే నాకు పది కూడా కావు. ఓటీపీ వచ్చిందా, చెప్పు, అంతే.

కారందోస_కడప
అక్క ఒప్పుకున్నందుకు గౌరవం పెరిగింది. ఆఫీసర్లు ఇంత సూటిగా చెప్పరు.

బెంగళూరు_బస్సు
ఆభా గురించి చాలామందికి ఉన్న అపోహ ఒకటి తీరుద్దాం. 2021 సెప్టెంబర్ 27న దేశమంతా మొదలుపెట్టారు. 14 అంకెల నంబరు. మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే గోదాములో పోగుపడతాయని అనుకుంటారు, అట్లా కాదు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. వేరేవాళ్లు అడిగితే మన ఫోన్‌కి అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది, ఏ రిపోర్టులు, ఎన్నాళ్లవరకు అని. మనం ఊ అంటేనే పోతాయి. తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. వద్దనుకుంటే ఖాతానే తీసేయొచ్చు. కాగితం మీద డిజైన్ మంచిదే.

చిక్కల్లా ఆ ఊ అనే ఫోన్ ఎవరి చేతిలో ఉంది అన్నది. మన ఇళ్లలో ఒక ఫోన్, ఆరుగురు మనుషులు. కోడలి రికార్డు తెరవాలా వద్దా అని మామ చేతిలోని ఫోన్ అడుగుతుంది. బురుజు అన్న ఇంట్లో జరిగిందీ అదే కదా. పేరు చెల్లెలిది, నంబరు నాన్నది.

జొన్నరొట్టె
పెద్దాసుపత్రిలో ఓపీకి లైన్‌లో నిలబడకుండా క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తెచ్చుకున్నా మొన్న. అది మాత్రం బాగుంది. ఇదివరకు పొద్దున ఆరింటికి చెప్పుల జత లైన్‌లో పెట్టి టీకి పోయేవాళ్లం.

ఎండుమిరప
ఢిల్లీ ఎయిమ్స్ సంగతి మర్చిపోయినారా? 2022 నవంబర్ 23న హ్యాకర్ల దాడిలో సర్వర్లు లాక్ అయిపోతే దాదాపు రెండు వారాలు చేత్తో రాసుకున్నారు ఓపీలు, రిపోర్టులు అన్నీ. అంత పెద్దదానికే దిక్కు లేకపోతే మన నంద్యాల సందులో ల్యాబ్‌కి ఏముంటుంది?

సీసా_సూది
సందులో ల్యాబ్‌ని హ్యాక్ చేయడమెందుకు, మానిటర్ కింద చీటీ చదివితే చాలు. చెప్పినా కదా.

లెక్కల_పిచ్చి
నేను గణాంకాలు చదివినవాణ్ణి. మాస్టారు ఎవరైనా రేపు "పేరు తీసేసి పరిశోధనకు ఇస్తే తప్పేంటి" అంటారు కాబట్టి ముందే రాస్తున్నా.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1990ల్లో ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులు పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని ఇరవై డాలర్లు పెట్టి ఓటర్ల జాబితా కొనుక్కుంది. పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటిది, ఈ మూడూ రెండు జాబితాల్లోనూ కలిపి చూసింది. గవర్నర్ విలియం వెల్డ్ గారి రికార్డు బయటికొచ్చింది. ఆ మూడు వివరాలతోనే అమెరికా జనంలో 87 శాతం మందిని ఒక్కొక్కరిగా గుర్తుపట్టొచ్చని 2000లో ఆమె లెక్క తేల్చింది.

మన దగ్గర అంత కష్టం కూడా అక్కర్లేదు. "ఫలానా మండలం, తొమ్మిదేళ్ల బాబు, వారానికి రెండు డయాలసిస్‌లు" అని రాస్తే పేరెందుకు? ఆ మండలంలో బస్సు కండక్టర్ కూడా చెప్తాడు ఎవరో.

అయినా డేటా వద్దని కాదు నేననేది. మన పాత అనంతపురం జిల్లాలోనే (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రికి వచ్చిన హెచ్‌ఐవీ రోగుల వివరాలతో, ఆ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ పేరుమీద పెద్ద అధ్యయనం నడిచింది. మందులు ఎవరు మధ్యలో మానేస్తున్నారు, ఎందుకు అన్నది అట్లాంటి లెక్కల్లోనే తేలేది. ఆసుపత్రి నాలుగు గోడల మధ్య పద్ధతిగా వాడటం వేరు. కౌంటర్ ఎక్సెల్ వేరు.

రిటైర్డ్_మాస్టారు
నేను అనకముందే నాకు జవాబిచ్చేశాడు ఈ పిల్లోడు.

లెక్కల_పిచ్చి
సారీ మాస్టారూ. ఇంకొక్కటి చెప్పి పోతా, నీలంచీర అక్క సుగ్గి మాట అన్నారు కాబట్టి. 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికా ఆసుపత్రుల్లో ఎవరికి ఎక్కువ శ్రద్ధ కావాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంది. అది జబ్బును కొలవకుండా వైద్యానికి అయిన ఖర్చును కొలిచింది. నల్లజాతివాళ్లకు ఖర్చు తక్కువ పెట్టారు కాబట్టి జబ్బు తక్కువ అనుకుంది. రేపు మన దగ్గర అట్లాంటిది పెడితే సుగ్గికి పోయి ఆర్నెల్లు ఏ ఆసుపత్రి గడపా తొక్కని ఆలూరు, కోసిగి మనుషులు కంప్యూటర్ లెక్కలో అందరికన్నా ఆరోగ్యవంతులు.

నీలంచీర_అక్క
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు. నా ట్యాబ్‌లో వాళ్ల పేర్ల పక్కన ఖాళీలే. ఖాళీ అంటే పైవాళ్లు జబ్బు లేదనుకుంటారు.

నల్లకోటు
అందరూ అడిగే ప్రశ్న, కేసు వేయొచ్చా. క్లుప్తంగా.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి అక్కడినుంచి 18 నెలలు గడువు. డేటా కాపాడలేకపోతే జరిమానా 250 కోట్ల దాకా. కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది, బురుజు గారి చెల్లెలికి రూపాయి రాదు. ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఏ సెక్షన్ ఒకటి ఉంది, కొత్త చట్టం దాన్ని తీసేస్తుంది. వైద్య రికార్డులు సున్నిత సమాచారం అని 2011 రూల్స్‌లో విడిగా ఉంది, కొత్తదాంట్లో ఆ విడదీత లేదు. నాకైతే ఇది వెనకడుగే.

ఇప్పుడు చేయాల్సింది: ల్యాబ్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు, తప్పు పడిన బిల్లు కాపీతో. ఫోన్ చేసిన కంపెనీకి, మా నంబరు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పండని ఇంకో మెయిల్. 1909కి (స్పామ్ కాల్స్ ఫిర్యాదు నంబరు) కాల్ వివరాలతో ఫిర్యాదు.

ఎండుమిరప
ఖజానాకా! దెబ్బ మనకు, కట్టు వాళ్లకా.

కారందోస_కడప
లాయర్ గారూ, మన రికార్డులు మనం అడిగితే ఎందుకివ్వరో అది కూడా చెప్పండి. మా నాయన గుండె ఆపరేషన్ ఫైలు కోసం ఒక ఆసుపత్రి చుట్టూ ఐదుసార్లు తిరిగినా. ఎవరెవరికో ఎక్సెల్ పోతుంది, నాకు జెరాక్స్ ఇవ్వరు.

నల్లకోటు
2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కాగితం మీద రాసి, తేదీ వేసి, వాళ్ల స్టాంపు వేయించుకుని అడగండి. స్టాంపు పడగానే ఫైలు దొరుకుతుంది, నా అనుభవం.

బురుజు_పక్కిల్లు
పది రోజుల తర్వాత వస్తున్నా. ల్యాబ్‌కి కాగితం ఇచ్చినా. మేనేజర్ హేమబిందు అని ఉన్న బిల్లు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా సిస్టమ్ చెక్ చేస్తున్నాం, ఈసారి టెస్టులకు 10 శాతం తగ్గిస్తాం సార్" అన్నాడు. ఈసారి ఎందుకొస్తాం అన్నా. నంబరు తీసేశామని చేత్తో రాసి ఇచ్చారు, మొత్తం మూడు లైన్లు. బొడ్డుతాడు కంపెనీ మెయిల్‌కి జవాబు లేదు.

చెల్లెలు బాగుంది. మూడో నెల దాటింది. అత్తగారు స్వయంగా వచ్చి తీసుకుపోయింది, అలక తీరిందనే అనుకుంటున్నాం.

మొన్న మళ్లీ ఆ కంపెనీవాళ్లు చేశారట, ఈసారి ఏకంగా ఆదోని ఇంటికి. ఆ నంబరు ఎట్లా పోయిందో అది ఇంకో కథ. ఫోన్ ఎత్తింది అత్తగారు. "నీ పేరేంది అమ్మా, యా ఊరు మీది, మీ నాయన ఏం చేస్తాడు, పెళ్లయిందా, ఎంతమంది పిల్లలు, నెలకు ఎంతిస్తారు నీకు" అని మొదలుపెట్టిందట. పెళ్లి కాలేదు అని ఆ పిల్ల నోరు జారింది. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడున్నాడు, నీ జాతకం పంపు అనేసరికి ఆ పిల్లే ఫోన్ పెట్టేసిందట.